డ్రైవ్ టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో నేను ముందు చూసేది ఫోన్ డీటెయిల్స్ పేజీ: 4636 స్క్రీన్, ఎన్‌ఎస్‌జీ, ల్యాప్‌టాప్ కిట్ల మీద నా రివ్యూ

డ్రైవ్ టెస్ట్ అంటే ఫోన్లు పెట్టుకుని కారులో తిరుగుతూ నెట్‌వర్క్ ఎలా ఉందో కొలిచి రికార్డ్ చేయడం, ఆ రికార్డునే లాగ్ అంటాం. ఈ నెట్‌వర్క్ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ మీద రివ్యూ అంటే అందరూ మ్యాప్ ఎలా ఉంది, గ్రాఫ్‌లు ఎలా వస్తున్నాయి, 5జీ మెసేజ్‌లు డీకోడ్ అవుతున్నాయా లేదా, ఇవే రాస్తారు. నేను మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా ముందు ఫోన్ డీటెయిల్స్ పేజీ ఓపెన్ చేస్తా. ఏ ఫోన్ కనెక్ట్ అయ్యింది, దాని గుర్తింపు నంబర్ ఐఎంఈఐ ఎంత, లోపల ఏ సిమ్ ఉంది, బేస్‌బ్యాండ్ వెర్షన్, అంటే నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెం సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏది, మనం దానికి పెట్టుకున్న పేరేంటి, ఇవన్నీ ఒకచోట చూపించాలి, మార్చాల్సినవి మార్చనివ్వాలి, మార్చకూడనివి ముట్టుకోనివ్వకూడదు. అంతే, ఈ మూడూ ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి నా దగ్గర సగం మార్కులు పడిపోయినట్టే. రోజంతా ఎండలో కారులో తిరిగి తెచ్చిన లాగ్ ఏ ఫోన్‌దో తేలకపోతే అందులో ఎన్ని రంగుల గ్రాఫ్‌లు ఉన్నా ఏం లాభం చెప్పండి.

నేను హైదరాబాద్‌లో ఉంటా, రెండు రాష్ట్రాల్లోనూ డ్రైవ్ టెస్ట్ పనులకి తిరుగుతుంటా. ఈ ఫీల్డ్‌కి కొత్తగా వస్తున్న పిల్లలు ఏది నేర్చుకోవాలి, ఏది కొనాలి అని అడుగుతున్నారు కాబట్టి నేను వాడిన వాటి గురించి ఈ ఒక్క కోణంలోనే రాస్తున్నా. మిగతా ఫీచర్ల గురించి బోలెడు వీడియోలు ఉన్నాయి, అవి చూసుకోండి.

ముందు పైసా ఖర్చు లేనిది. ఆండ్రాయిడ్ ఫోన్ డయలర్‌లో *#*#4636#*#* కొట్టండి, ఆఖరి స్టార్ పడగానే కాల్ బటన్ నొక్కకుండానే టెస్టింగ్ అనే మెనూ వస్తుంది, అందులో ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే మామూలు సెట్టింగ్స్‌లో లేనివన్నీ అక్కడ ఉంటాయి. ఐఎంఈఐ, ఫోన్ నంబర్, ఇప్పుడున్న నెట్‌వర్క్, సిగ్నల్ ఎంతో డీబీఎంలో, వాయిస్ సర్వీస్ ఉందా, డేటా దేనిమీద నడుస్తోంది, రోమింగా కాదా, కింద ఒక పింగ్ టెస్ట్ బటన్. ఎవరైనా "మా ఇంట్లో సిగ్నల్ రావట్లేదు బ్రో" అని ఫోన్ చేస్తే నేను ఫస్ట్ ఈ స్క్రీన్ ఫోటోనే పంపమంటా, 4జీలో మైనస్ 80ల్లో ఉంటే సిగ్నల్ బాగానే ఉన్నట్టు, ప్రాబ్లం వేరేచోట, మైనస్ 115 దాటిందంటే మాత్రం అది కవరేజీ ప్రాబ్లమే, ఇంక యాప్‌ని తిట్టుకోవాల్సిన పనిలేదు.

ఇందులో ఫోన్ నంబర్ దగ్గర చాలామందికి అన్‌నోన్ అని వస్తుంది, సిమ్ పాడైందేమో అని కంగారు పడతారు. అదేం కాదు. మన నంబర్ అనేది ఆపరేటర్ దగ్గర సిస్టంలో ఉంటుంది, సిమ్‌లో నంబర్ రాసుకునే చోటు ఉన్నా చాలా సిమ్‌లలో అది ఖాళీగానే వస్తుంది, అందుకని ఫోన్‌కి తన నంబర్ తనకే తెలీదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయినా నంబర్ అనే ఫీల్డ్ మనం చేత్తో టైప్ చేసుకోవాల్సి రావడానికి కారణం ఇదే. మనం టైప్ చేసింది ఫోన్ చెప్పినదాంతో సమానం కాదు, ఈ తేడా చూపించని సాఫ్ట్‌వేర్ అంటే నాకు భయం.

ఇక ఆ స్క్రీన్‌లో మార్చగలిగేవి. ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ అని ఒక లిస్ట్ ఉంటుంది, అందులో ఎల్‌టీఈ ఓన్లీ పెడితే ఫోన్ 4జీ వదిలి ఎటూ పోదు, ఎన్‌ఆర్ ఓన్లీ పెడితే 5జీ మాత్రమే. ఇది చాలా పనికొచ్చే ఐటెం. కానీ తెలిసి వాడాలి. జియో 5జీ స్టాండలోన్, అంటే 4జీ తోడు లేకుండా నడిచేది కాబట్టి ఎన్‌ఆర్ ఓన్లీ పెట్టినా సర్వీస్ ఉంటుంది, ఎయిర్‌టెల్ 5జీ మొదలుపెట్టింది నాన్‌స్టాండలోన్ పద్ధతిలో, అంటే ముందు 4జీ యాంకర్ దొరికితేనే 5జీ తగులుతుంది, మరి ఎన్‌ఆర్ ఓన్లీ పెట్టి 4జీనే కట్ చేస్తే అలాంటి సైట్ కింద నిలబడి కూడా నో సర్వీస్ చూడాల్సొస్తుంది. అది చూసి టవర్ డౌన్ అని రిపోర్ట్ రాసేయకండి. పైగా చాలా ఫోన్లలో రీస్టార్ట్ చేస్తే ఈ సెట్టింగ్ పాత దానికి వెళ్ళిపోతుంది, ఫోన్ ఆఫ్ అయి ఆన్ అయితే టెస్ట్ మళ్ళీ మొదలుపెట్టే ముందు ఒకసారి చెక్ చేస్కోవాలి.

ఇంకోటి ఎస్‌ఎంఎస్‌సీ. మన మెసేజ్ బయటికెళ్ళేటప్పుడు ముందు వెళ్ళే సెంటర్ నంబర్ అది. రిఫ్రెష్ నొక్కితే చూపిస్తుంది, పక్కన అప్‌డేట్ బటన్ కూడా ఉంటుంది, అంటే ఎడిట్ చేయొచ్చన్నమాట. దయచేసి ఊరికే కెలకొద్దు. అక్కడ తప్పు నంబర్ పడితే మీకు వచ్చే ఓటీపీలు మామూలుగానే వస్తుంటాయి, అందుకని ఏ ప్రాబ్లం లేదనుకుంటారు, కానీ మీ ఫోన్ నుంచి మెసేజ్ వెళ్ళదు, కొత్త ఫోన్‌లో ఫోన్‌పే లాంటివి యాక్టివేట్ చేసేటప్పుడు సిమ్ వెరిఫికేషన్ కోసం మన ఫోన్ నుంచే ఒక ఎస్‌ఎంఎస్ వెళ్తుంది చూశారా, అక్కడ ఆగిపోతుంది. కారణం మాత్రం ఎక్కడో ఈ స్క్రీన్‌లో ఉంటుంది. కొన్ని ఫోన్లలో నంబర్ మామూలుగా కొడితే తీసుకోదు కూడా, వేరే ఫార్మాట్‌లో కొట్టాలి. మార్చే పని పడితే పాత నంబర్ ఫోటో తీసి పెట్టుకుని అప్పుడు ముట్టుకోండి.

సెలెక్ట్ రేడియో బ్యాండ్ అని మెనూలో కనపడేది చూసి బ్యాండ్ లాక్, అంటే ఫోన్‌ని ఒకే ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌కి కట్టేసే ఆప్షన్ దొరికిందని సంబరపడొద్దు. అందులో వచ్చేవి యూరప్, యూఎస్‌ఏ, జపాన్ లాంటి పాత కాలపు బ్యాండ్ గ్రూపులు, మనకి కావాల్సిన బ్యాండ్ 3 ఒక్కటే, బ్యాండ్ 40 ఒక్కటే లాంటివి ఉండవు. దేశం గ్రూపు ఏదో నొక్కితే సిగ్నల్ పోవచ్చు కూడా. వదిలేయండి.

శాంసంగ్ వాళ్ళకి చాలా మోడల్స్‌లో ఈ 4636 పూర్తిగా పనిచేయదు, బదులుగా *#0011# కొడితే సర్వీస్ మోడ్ వస్తుంది, బ్యాండ్, సెల్ వివరాలు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే సిగ్నల్ బలం కొలత, అన్నీ వరసగా పడతాయి, చూడటానికి నా దృష్టిలో ఇంకా బెటర్. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ వస్తుంది, చూడటం వరకే, మార్చడం కుదరదు. మొత్తానికి ఈ ఫ్రీ స్క్రీన్లకి నేనిచ్చే మార్కులు ఐదుకి మూడున్నర. లాగ్ రికార్డ్ చేయవు అన్నదొక్కటే లోటు, అప్పటికప్పుడు ఫోన్ సంగతి తెలుసుకోవడానికి మాత్రం వీటిని మించింది లేదు.

తర్వాత మెట్టు, రూట్ అవసరం లేని యాప్‌లు. రూట్ అంటే ఫోన్ సిస్టం మీద పూర్తి కంట్రోల్ తెచ్చుకోవడం. జీ-నెట్‌ట్రాక్ ప్రో వీటిలో బాగా తెలిసిన పేరు. ఐర్లాండ్‌లో కార్క్ యూనివర్సిటీ కాలేజీ రీసెర్చర్లు 2018లో రిలీజ్ చేసిన 4జీ డేటాసెట్ కూడా దీంతోనే కలెక్ట్ చేశారు, అంటే సీరియస్ పనికి పనికొచ్చేదే. బస్సులో, బైక్ మీద, నడుచుకుంటూ కూడా లాగ్ చేయొచ్చు, ల్యాప్‌టాప్ మోయక్కర్లేదు. కానీ ఇలాంటి యాప్‌లకి తెలిసేది ఆండ్రాయిడ్ సిస్టం ఎంత చెప్తే అంతే, మోడెం లోపల నెట్‌వర్క్‌తో జరిగే మెసేజ్‌లు వీటికి కనపడవు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి ఐఎంఈఐ చదివే పర్మిషన్ తీసేశారు. ప్రైవసీ కోసం చేశారు, మంచిదే, కానీ మన పనికి దీనర్థం ఏంటంటే ఈ రకం యాప్ లాగ్‌లో ఐఎంఈఐ కనపడితే అది దాదాపుగా ఎవరో చేత్తో కొట్టిందే అనుకోవాలి. ఐదారు ఫోన్లు పట్టుకుని పనిచేసేటప్పుడు లాగ్ ఫైల్ పేరులోనే ఫోన్ గుర్తు పెట్టుకోవడం మొదటిరోజు నుంచి అలవాటు చేసుకోండి. లొకేషన్ పర్మిషన్ ఇవ్వకపోతే సెల్ వివరాలు కూడా రావు, అది యాప్ తప్పు కాదు, ఆండ్రాయిడ్ రూల్.

డ్యూయల్ సిమ్ ఫోన్‌తో లాగ్ తీసేటప్పుడు ఇంకో తిప్పలు, యాప్ ఏ సిమ్‌ని చూస్తోందో డీటెయిల్స్‌లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే స్పీడ్ ఒక సిమ్‌ది, సిగ్నల్ ఇంకో సిమ్‌ది కలిసిపోయి వచ్చే ఛాన్స్ ఉంది. నాకు తెలిసిన సుఖమైన పద్ధతి, టెస్ట్ ఫోన్‌లో ఒకటే సిమ్ ఉంచడం.

ఇప్పుడు అసలు సిసలు ఐటెం, నెట్‌వర్క్ సిగ్నల్ గురు, మనవాళ్ళు ఎన్‌ఎస్‌జీ అంటారు. ఇది క్యూట్‌రన్ అనే చైనా కంపెనీది. రూట్ చేసిన ఫోన్ కావాలి, ముఖ్యంగా క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్. అది కుదిరితే మాత్రం ల్యాప్‌టాప్ కిట్‌లో చూసేదాంట్లో చాలాభాగం అరచేతిలో కనపడుతుంది. ఫోన్ ఇప్పుడున్న సర్వింగ్ సెల్, పక్క సెల్స్, బ్యాండ్లు కలిపి వాడే క్యారియర్ అగ్రిగేషన్‌లో ఏ బ్యాండ్లు కలిశాయి, ఫోన్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య నడిచే లేయర్ 3 సిగ్నలింగ్ మెసేజ్‌లు, అన్నీ. ఫోన్ ప్రవర్తన మార్చే భాగం దీంట్లో నాకు బాగా ఇష్టం. టెక్నాలజీ లాక్, బ్యాండ్ లాక్, ఫ్రీక్వెన్సీ లాక్, సెల్ గుర్తింపు నంబర్‌కి కట్టే పీసీఐ లాక్ దాకా ఉన్నాయి, అంటే ఫలానా టవర్‌లో ఫలానా సెక్టార్, అంటే ఫలానా వైపు చూసే యాంటెనా మీదే ఫోన్‌ని కూర్చోబెట్టొచ్చు. కొత్త సైట్ ఆన్ ఎయిర్ అయినప్పుడు మూడు సెక్టార్లూ ఒక్కోటి చెక్ చేయడానికి ఇంతకంటే హాయి ఏముంది. ఒకటే మాట, పని అయిపోయాక లాక్‌లు తీయండి. బ్యాండ్ 40కి లాక్ చేసి ఉన్న ఫోన్ ఊరి బయటికెళ్ళాక సిగ్నల్ లేదంటే నెట్‌వర్క్ ఏం చేస్తుంది. ఏ లాక్ ఎప్పుడు వేసి ఉంది అనేది కూడా ఫోన్ డీటెయిల్స్‌లో భాగమే అని నేను గట్టిగా అంటా, లాగ్‌తో పాటు రాసిపెట్టకపోతే నెల తర్వాత ఆ లాగ్ చూసేవాడికి హ్యాండోవర్, అంటే ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారడం, ఎందుకు అవ్వలేదో ఈ జన్మకి అర్థం కాదు.

కొన్ని ఫీచర్లకి డబ్బు కట్టాలి, దానికి ఏడ్చేదేం లేదు, ఫ్రీలో వచ్చేది కూడా నేర్చుకునేవాళ్ళకి బాగానే సరిపోతుంది. టెలిగ్రాంలో తిరిగే క్రాక్ ఏపీకేలు మాత్రం వద్దే వద్దు. రూట్ ఉన్న ఫోన్‌లో ఎవరో కెలికిన యాప్ పెట్టడం అంటే ఫోన్ మొత్తం తాళాలు వాడి చేతిలో పెట్టడమే.

రూట్ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. రూట్ చేస్తే బ్యాంక్ యాప్‌లు చాలావరకు మొరాయిస్తాయి. శాంసంగ్‌లో అయితే బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే సెక్యూరిటీ ఫ్యూజ్ ఎగిరిపోతుంది, అది మళ్ళీ వెనక్కి రాదు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళినా రాదు. షావోమీలో మియూఐ రోజుల్లో రూట్‌కి ముందు చేయాల్సిన బూట్‌లోడర్ అన్‌లాక్‌కి 168 గంటలు ఆగమని చెప్పేది, అప్లై చేసి కూర్చోవాలి. కాబట్టి మీరు రోజూ వాడే ఫోన్‌తో ఈ ప్రయోగాలు వద్దు, సెకండ్‌హ్యాండ్‌లో ఒక క్వాల్‌కామ్ ఫోన్ విడిగా కొనుక్కోండి. ఎన్‌ఎస్‌జీకి నేను నాలుగున్నర ఇస్తా, ఆ అర మార్కు తగ్గించింది ఈ రూట్ గోల గురించే.

ఆఖరిది పెద్ద కిట్లు, అంటే ల్యాప్‌టాప్‌కి ఫోన్లు తగిలించి నడిపే సాఫ్ట్‌వేర్లు. టెమ్స్, నీమో, ఎక్స్‌కాల్, రోడ్ అండ్ ష్వార్జ్ వాళ్ళ రోమ్స్, ఇవీ మార్కెట్లో పేర్లు. టెమ్స్ ఎరిక్సన్‌లో పుట్టి 2009లో ఆస్‌కామ్‌కి, 2016లో ఇన్ఫోవిస్టాకి వెళ్ళింది. నీమో ఫిన్లాండ్‌ది, అనైట్ చేతుల్లోంచి 2015లో కీసైట్‌కి వచ్చింది. ఇవి కంపెనీలు కొనేవి, మనం సొంతంగా కొనేవి కావు, లైసెన్స్ ఖర్చు అలా ఉంటుంది. వీటిలో ఏది గొప్పది అనే గొడవలోకి నేను పోను, అన్నీ పనిచేస్తాయి, ఆపరేటర్ ఏ లాగ్ ఫార్మాట్ అడిగితే అది వాడాలి, అంతే. నేను చెప్పేది ఈ రకం సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే మీ చేతికి వచ్చినప్పుడు డివైస్ పేజీలో ఏం చూడాలి అనేది.

ల్యాప్‌టాప్‌కి ఫోన్ తగిలించగానే సాఫ్ట్‌వేర్‌కి కావాల్సింది ఫోన్ డయాగ్ పోర్ట్, అంటే మోడెం లోపలి వివరాలు బయటికొచ్చే దారి. శాంసంగ్‌లో *#0808# కొట్టి డీఎం, మోడెం, ఏడీబీ మూడూ కలిసి ఉన్న ఆప్షన్ పెట్టాలి, అన్ని మోడల్స్‌లోనూ తెరుచుకోదు గానీ టెస్ట్‌కి వాడే వాటిలో వస్తుంది. అప్పుడు విండోస్ డివైస్ మేనేజర్‌లో ఒక కామ్ పోర్ట్ నంబర్ పడుతుంది, కామ్7 అనుకోండి. ఇక్కడే ఉంది కిటుకు అంతా. కామ్7 అనేది ఫోన్ గుర్తింపు కాదు, అది ఆ పూట ల్యాప్‌టాప్ ఇచ్చిన సీట్ నంబర్. కేబుల్ తీసి పక్క పోర్ట్‌లో పెడితే కామ్11 అవ్వొచ్చు. ఫోన్ గుర్తింపు అంటే ఐఎంఈఐ. మంచి సాఫ్ట్‌వేర్ మనం పెట్టిన పేరుని ఐఎంఈఐకి కడుతుంది, చెత్త సాఫ్ట్‌వేర్ పోర్ట్‌కి కడుతుంది.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే ఒక ప్రాజెక్ట్‌లో కళ్ళారా చూశా. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా చౌటుప్పల్ దాకా విజయవాడ హైవే మీద డ్రైవ్, వెనక సీట్లో ట్రేలో మూడు ఫోన్లు, మూడు ఆపరేటర్లు, అన్నీ ఒకే మోడల్. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక టీ దగ్గర ఆగాం. ఇంజిన్ ఆపగానే యూఎస్‌బీ హబ్‌కి పవర్ పోయింది, డ్రైవర్ అన్న వచ్చి "సార్, డబ్బా మీద లైట్లు బందైనయ్ చూడుండ్రి" అన్నాడు. మళ్ళీ స్టార్ట్ చేశాక మూడు ఫోన్లూ కనెక్ట్ అయ్యాయి, స్క్రీన్ మీద మూడు పచ్చ చుక్కలు వెలిగాయి, పేర్లు కూడా పాతవే కనపడ్డాయి, అంతా బాగుందనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి రెండు ఫోన్ల పోర్టులు అటూ ఇటూ మారిపోయాయి, ఆ సాఫ్ట్‌వేర్ పేర్లని పోర్టులకి కట్టింది కాబట్టి ఒక ఆపరేటర్ పేరు కింద ఇంకో ఆపరేటర్ ఫోన్ లాగ్ నడిచింది. ఏ సాఫ్ట్‌వేరో ఇక్కడ రాయట్లేదు. సపోర్ట్ వాళ్ళకి మెయిల్ పెడితే రీస్టార్ట్ చేసి చూడండి అని రిప్లై వచ్చింది, ఒళ్ళు మండింది అనుకోండి.

దొరికింది ఎలా అంటే, సాయంత్రం ఫైల్ తెరిచి సర్వింగ్ నెట్‌వర్క్ కోడ్, అంటే ఫోన్ ఏ ఆపరేటర్ నెట్‌వర్క్ మీద ఉందో చెప్పే కోడ్ చూస్తే పేరుకీ కోడ్‌కీ పొంతన లేదు. మన సర్కిల్లో ఎయిర్‌టెల్ అంటే 404-49, బీఎస్ఎన్ఎల్ 404-73, జియో 405-854. రాష్ట్రం రెండైనా టెలికం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్ కాబట్టి ఆదిలాబాద్‌లో అయినా అనంతపురంలో అయినా ఇవే కోడ్‌లు. లాగ్ లోపల సిమ్ గుర్తింపు నంబర్ ఐఎంఎస్ఐ కూడా ఉంది, అదే మమ్మల్ని కాపాడింది, ఏ ముక్క ఏ సిమ్‌దో దాన్నిబట్టి విడదీసి టీ దగ్గర ఆగిన పాయింట్ నుంచి పేర్లు సరిచేసి రిపోర్ట్ పంపాం. డ్రైవ్ మళ్ళీ చేయక్కర్లేకుండా పోయింది.

అందుకే నా లెక్కలో డివైస్ పేజీలో రెండు గదులుండాలి. ఒకటి ఫోన్, సిమ్ తమంతట తాము చెప్పేవి, అంటే ఐఎంఈఐ, ఐఎంఎస్ఐ, మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, బేస్‌బ్యాండ్ వెర్షన్. వీటి మీద కర్సర్ పెట్టినా ఎడిట్ అవ్వకూడదు, గ్రే కలర్‌లో ఉండాలి. రెండోది మనం టైప్ చేసేవి, అంటే పేరు, ఫోన్ నంబర్, కాల్ చేసేదా ఎత్తేదా, కారులో ముందు సీటా వెనక సీటా, బయటి యాంటెనా ఉందా, ఏ టీంది, ఒక రిమార్క్స్ డబ్బా. ఇవి ఎప్పుడైనా మార్చుకునేలా ఉండాలి, డ్రైవ్ అయిపోయాక కూడా. కానీ మార్చినప్పుడు ఎవరు ఎప్పుడు మార్చారో, పాతదేంటో ఒక మూల ఉండాలి. ఐఎంఈఐ ఆధార్ నంబర్ అనుకుంటే ఈ పేరు ఇంట్లో పిలిచే ముద్దుపేరు, ముద్దుపేరు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

నంబర్ని నమ్మి ఆపరేటర్ని డిసైడ్ చేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, అదీ తప్పే. పోర్టబిలిటీ వచ్చాక నంబర్ మొదటి అంకెలు చూసి ఆపరేటర్ చెప్పలేం. నంబర్ పాతదే ఉంటుంది, కొత్త సిమ్‌తో ఐఎంఎస్ఐ మారిపోతుంది. బెంగళూరులో తీసుకున్న ఎయిర్‌టెల్ సిమ్ ఐఎంఎస్ఐ 404-45తో మొదలవుతుంది, అది హైదరాబాద్‌లో పెడితే సర్వింగ్ 404-49 చూపిస్తుంది, రెండూ కరెక్టే, ఒకటి సిమ్ ఇల్లు, ఒకటి ఇప్పుడున్న నెట్‌వర్క్. ఈ రెంటినీ వేరువేరు కాలమ్‌లలో చూపించే సాఫ్ట్‌వేర్ రాసినవాడికి పని తెలుసని అర్థం.

ఇంకో చిన్న విషయం, కొత్తవాళ్ళు తప్పకుండా తడబడేది. ఫోన్ బాక్స్ మీద ఐఎంఈఐ, *#06# కొడితే వచ్చేది, లాగ్‌లో కనపడేది చివర్లో మ్యాచ్ అవ్వట్లేదని ఫోన్ మార్చేశారేమో అనుకుంటారు. ఐఎంఈఐ 15 అంకెలు, మొదటి 8 మోడల్‌వి, తర్వాతి 6 ఆ ఫోన్ సీరియల్, చివరిది మిగతావాటి నుంచి లెక్కగట్టే చెక్ డిజిట్. నెట్‌వర్క్‌కి వెళ్ళేటప్పుడు ఆ చెక్ డిజిట్ వెళ్ళదు, చాలాసార్లు ఐఎంఈఐఎస్‌వీ అని 16 అంకెలది వెళ్తుంది, అందులో చివరి రెండూ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌వి. కాబట్టి మొదటి 14 అంకెలు కలిస్తే అదే ఫోన్. డ్యూయల్ సిమ్ ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయి కాబట్టి సిమ్ ఏ స్లాట్‌లో ఉందో కూడా చూడండి.

బేస్‌బ్యాండ్ వెర్షన్ ఎందుకు అంటున్నానంటే రాత్రికి రాత్రి ఓటీఏ అప్‌డేట్ పడి పొద్దున్నకి ఫోన్ వేరేలా ప్రవర్తించడం మామూలే. నిన్న కలిసిన బ్యాండ్లు ఇవాళ కలవట్లేదంటే నెట్‌వర్క్ మారిందా ఫోన్ మారిందా అని తేల్చడానికి ఆ ఒక్క లైను చాలు. మోడల్ కూడా అంతే, 700 మెగాహెర్ట్జ్ ఎన్28 బ్యాండ్ సపోర్ట్ చేయని ఫోన్ పట్టుకెళ్ళి లోపలి గదుల్లో జియో 5జీ రావట్లేదని రాస్తే అది ఫోన్ రిపోర్ట్ అవుతుంది గానీ నెట్‌వర్క్ రిపోర్ట్ కాదు. టెస్ట్ ఫోన్లలో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసి పెట్టండి.

ఇక ఎడిట్ అనగానే కొందరికి వచ్చే ఆలోచన ఐఎంఈఐ మార్చడం. దానికీ మన పనికీ సంబంధం లేదు. యూట్యూబ్‌లో వీడియోలు చూసి ఎవరూ దిగొద్దు, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం అది నేరం, మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా ఫైన్, రెండూ పడొచ్చు. మార్చిన ఫోన్ అని తెలిసి దగ్గర పెట్టుకున్నా అదే సెక్షన్. టెస్టింగ్ కోసమే కదా అంటే ఎవరూ వినరు. ఏ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ అయినా ఐఎంఈఐ ఎడిట్ ఆప్షన్ ఉందని గొప్పగా చెప్పుకుంటే ఆ సాఫ్ట్‌వేరే వద్దు.

వాట్సాప్ గ్రూపుల్లో డివైస్ పేజీ స్క్రీన్‌షాట్లు పెట్టి "అన్నా ఈ ఎర్రర్ ఏంటి" అని అడుగుతుంటారు, ఐఎంఈఐ, ఐఎంఎస్ఐ, నంబర్ అన్నీ క్లియర్‌గా కనపడుతూ ఉంటాయి. వాటి మీద గీత గీసి పంపండి, ఎర్రర్ చెప్పడానికి మాకు ఆ నంబర్లు అక్కర్లేదు. లాగ్ ఫైల్ బయటివాళ్ళకి ఇచ్చేటప్పుడు ఐఎంఎస్ఐ కనపడకుండా చేసే ఆప్షన్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే అది వాడండి, లేకపోతే కంపెనీని అడగండి, అడిగితేనే పెడతారు.

నేర్చుకునేవాళ్ళు అయితే 4636 స్క్రీన్‌తో మొదలుపెట్టి, ఒక పాత క్వాల్‌కామ్ ఫోన్ మీద ఎన్‌ఎస్‌జీకి వెళ్ళండి, పెద్ద కిట్ ఉద్యోగంలో చేరాక కంపెనీయే ఇస్తుంది. ఆ పాత ఫోన్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బులిచ్చే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ చూసి, మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి స్పేస్ ఇచ్చి ఆ 15 అంకెలు వేసి 14422కి పంపండి, టెలికం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో కూడా చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో డూప్లికేట్ అనో వస్తే ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోవద్దు. బాక్స్ మీద ఉన్న మోడల్, రిప్లైలో వచ్చిన మోడల్ ఒకటేనా అన్నది కూడా అక్కడే చూసేసుకోండి.